హంసల చాటున

గుట్టుగా బతకడం ఎంత తేలికో చెవులున్నవాళ్ళకి తెలియదు. తలుపు వేసుకుని, గొంతు తగ్గించుకుంటే చాలు, మొగుడూ పెళ్ళాలు లోకాన్నంతా తిట్టుకోవచ్చు. వసుమతి ఇంట్లో ఆ సుఖం లేదు. ఆమెకీ, భర్త భీమశంకర్‌కీ, ఆరేళ్ళ కూతురు రేణుకీ పుట్టుకతోనే వినపడదు. ముగ్గురూ మాట్లాడేది చేతులతో, కనుబొమలతో, భుజాలతో. తూర్పు బాల్టిమోర్‌లో వాళ్ళు అద్దెకున్న ఇటుక ఇంటికి వీధివైపు ఒక పెద్ద కిటికీ ఉంది. ఆ కిటికీకి సరిగ్గా ఎదురుగా వాండా ఉంది. ముందుగదిలో నిలబడి చెయ్యెత్తి ఏమన్నా అంటే మైకు పట్టుకుని వీధంతటికీ చెప్పినట్టే.

వాండాకీ వినపడదు. వాళ్ళమ్మకీ వినపడేది కాదు, అమ్మమ్మకీ వినపడేది కాదు. చెవిటివాళ్ళలో అదొక రాజవంశం. యాభై దాటిన పోలిష్ మనిషి, భారీ విగ్రహం, గద్ద కళ్ళు. ఒకసారి వసుమతి తన ఇంట్లో తాను నిలబడి, "మీ అన్నయ్య జుట్టుకి వేసిన రంగు చెమటకి చెవుల మీదికి కారుతోంది, చూశావా?" అని మొగుడితో అంది. ఆ శుక్రవారం చెవిటివాళ్ళ క్లబ్బులో, బావగారి మొహం కూడా ఎరగని మనుషులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, ఆ రంగు కారడం ఆగిందా అని ఆమెను పరామర్శించారు.

అప్పటినుంచీ ఆ ఇంటి రహస్యాలన్నీ బాత్రూంలోకి మకాం మార్చాయి. కిటికీ లేని గది అదొక్కటే; మిగతా గదుల్లో కర్టెన్ వేసినా దీపానికి చేతుల నీడలు బయటికి కనిపించేవి. భీమశంకర్ టబ్బు అంచు మీద కూర్చునేవాడు, వసుమతి తలుపుకి వీపు ఆనించి నిలబడేది. మాటలు మంచి పట్టులో ఉండగా రేణు బయటినుంచి లైటు స్విచ్చి ఆర్పీ వెలిగించీ, తనకి అర్జెంటని కబురు పెట్టేది. చీకట్లో ఎవరి మాటా ఎవరికీ అందదు కాబట్టి సగం తగాదాలు అక్కడికక్కడే ఆరిపోయేవి. అదొక్కటే ఆ ఏర్పాటులో ఉన్న లాభం.

ఇంత జరిగినా వాండా మీద కోపం తెచ్చుకునే ధైర్యం వసుమతికి లేదు. డెబ్భై ఆరులో ఆమె తెనాలినుంచి ఇక్కడికి వచ్చేటప్పటికి ఆమె చేతుల్లో ఉన్న మాటలు అన్నం, నీళ్ళు, నొప్పి, నాన్న వస్తున్నాడు, ఇలాంటివే ఓ గుప్పెడు. అంతకు మించి చేతులు కదిపితే వాళ్ళమ్మ ఒకటి తగిలించి, ఆ చేతులు తెచ్చి ఒళ్ళో పెట్టించేది. పెళ్ళి కావలసిన పిల్ల, నలుగురూ చూస్తే ఏమనుకుంటారని ఆవిడ బెంగ. భీమశంకర్‌కి ఇక్కడి చేతిభాష వచ్చుగానీ, అతను పొద్దస్తమానం పత్రికాఫీసు ప్రెస్సులో, చెవులున్నవాళ్ళు పారిపోయే యంత్రాల మధ్య, హాయిగా పనిచేసుకునేవాడు. కొత్త కోడలికి భాష నేర్పింది వాండా. బట్టలుతుక్కునే షాపులో, గిరగిరా తిరిగే మెషిన్ల ముందు కూర్చోబెట్టి, సిగ్గు, అసూయ, నిన్న, పోనీలే, ఒకవేళ, అన్నీ ఒక్కొక్కటే చేతులు పట్టుకుని నేర్పింది. 'ఒకవేళ' అన్న మాట తెలిసిన రోజు వసుమతికి నిద్ర పట్టలేదు. ఇరవై నాలుగేళ్ళు ఆ మాట లేకుండానే బతికేసింది మరి.

వాండా మొహం తిప్పుకుంటే తన గతేమిటో ఆమెకు బాగా తెలుసు. నెలకోసారి బావగారు రాజగోపాల్ ఇంట్లో తెలుగువాళ్ళ విందు ఉండేది. అందరూ పడీపడీ నవ్వుతుంటే వసుమతి తోడికోడలు భుజం తట్టి, ఏమిటని సైగ చేసేది. శశికళ చెయ్యి ఊపి, "లేటర్, లేటర్" అని పెదవులు కదిపేది. ఏడేళ్ళయినా ఆ లేటర్ రాలేదు. వాండా లేకపోతే తనకు ఈ దేశంలో మిగిలేది ఆ లేటరొక్కటే. అందుకని వాండా దగ్గర వసుమతి మహా అణకువగా ఉండేది. మోచేతులు పక్కటెముకలకు అంటించి, వేళ్ళు మాత్రం కదిపి, అవును, బావుంది, థాంక్యూ, అనేది. వాండా పెట్టే పిరోగీలు, అంటే బంగాళాదుంప కూరి ఉడకబెట్టిన కజ్జికాయలు, నోట్లో పెట్టుకుని థాంక్యూ అనేది. అటు తిరిగి చేతిరుమాల్లో ఊసేది.

ఆ పేటలో ఒక వింత కళ ఉంది. వేసవిలో కిటికీలు తెరిచి దోమల జాలీలు బిగిస్తారు కదా, ఆ ఇనుప జాలీ మీద రంగులతో బొమ్మ వేస్తారు. ఏ వీధిలో చూసినా ఎర్రకప్పు కుటీరం, ముందు కొలను, కొలనులో రెండు హంసలు. రంగు తీగకే అంటాలి, కన్నాలు మూసుకోకూడదు, అదీ అందులోని పనితనం. వీధిలోవాళ్ళకి బొమ్మే కనిపిస్తుంది, లోపలివాళ్ళకి వీధి మొత్తం కనిపిస్తుంది. చెయ్యి తిరిగినవాళ్ళు వేసిన జాలీలు చూస్తే నిజంగా ముచ్చటేస్తుంది.

చెవిటివాళ్ళ ఇళ్ళకి మాత్రం ఆస్థాన చిత్రకారిణి వాండా. ఆవిడ చెయ్యి తిరగలేదు సరికదా, ఏ వేసవికా వేసవి ఇంకాస్త బిగుసుకుంది. ఆ హంసలు హంసలు కావు, మెడలు సాగిన దున్నపోతులు. కుటీరం కొలనులో దూకబోతున్నట్టు ఒరిగి ఉంటుంది. క్లబ్బులో అందరూ ఈ మాట ఆమె మొహం మీదే అనేవాళ్ళు. మొగుడు స్టాన్ అయితే ప్రతి జాలీ ముందూ నిలబడి, "ఇవి కుక్కలా?" అని అడిగేవాడు. వాండా ఏమీ తక్కువ తినలేదు. ఎవరు ఎదురైనా ఆమె మొదటి పలకరింపు "లావయ్యావు", లేకపోతే "నెత్తి మీద వెంట్రుకలు ఏవీ?" చెవిటివాళ్ళ లోకంలో అదే మర్యాద. కంటికి కనపడింది చేతికి రాకపోతే దాచుకున్నట్టు లెక్క. తెనాలి పెంపకంలో పెరిగిన వసుమతికి అది మోటుతనంలాగే అనిపించేది.

ఎనభై మూడు వేసవిలో వాండా ఒక పెద్ద జాలీని నెత్తిమీద మోసుకుంటూ వీధి దాటి వచ్చింది. గోడకి ఆనించి, పక్కకు జరిగి, "ఎలా ఉంది?" అంది.

వసుమతి చూసింది. ఈసారి దున్నపోతులు పళ్ళికిలిస్తున్నాయి.

"చాలా బావుంది. థాంక్యూ. థాంక్యూ."

"నిజంగా?" వాండా ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది.

"నిజంగా."

వాండా జాలీ బిగించింది. వెళ్ళబోతూ ఏదో చెప్పింది, దీపం అనీ, పొద్దు అనీ, కర్టెన్ అనీ. ఎదుటి మనిషి చేతుల మీంచి కళ్ళు తిప్పుకోవడం చెవిటివాళ్ళలో చెవులు మూసుకోవడం కింద లెక్క. ఆ పళ్ళ మీంచి చూపు తిప్పుకోలేని వసుమతి సరిగ్గా ఆ పనే చేసింది. వాండా చెప్పినవాటికల్లా బుద్ధిగా తల ఊపి పంపించేసింది.

మధ్యాహ్నం మిట్ట ఎండలో ఆమె వీధిలోకి వెళ్ళి పరీక్ష చేసింది. భీమశంకర్‌ని లోపల నిలబెట్టి ఏదన్నా చెయ్యమంది. బయటికి ఎర్ర కుటీరం, దున్నపోతులు తప్ప మనిషి పొడ కూడా లేదు. లోపలికి వచ్చి, ఏం చేశావని అడిగితే, "మీ అమ్మ నన్ను మొదటిసారి చూసినప్పుడు పెట్టిన మొహం పెట్టాను" అన్నాడు. వసుమతి మురిసిపోయి, అప్పటికప్పుడు కర్టెన్లు ఊడదీసి, ఉతికి, మడిచి పెట్టెలో పెట్టేసింది.

ఆ సాయంత్రంనుంచీ ఆ ఇల్లు ఇల్లు కాదు, నాటకాల కంపెనీ. భీమశంకర్ పనినుంచి వచ్చి లుంగీ చుట్టుకునేవాడు. వసుమతి పెద్ద దీపం వెలిగించి గది మధ్యకి వచ్చేది. ఇన్నేళ్ళూ ఒళ్ళో పెట్టుకున్న చేతులు ఒక్కసారి విడుదలయ్యాయి. మొదట బావగారు అద్దంలో తల చూసుకోవడం వేసింది. తర్వాత శశికళ లేటర్. కానీ ఆమె గొప్ప వేషం వాండాయే. దిండ్లు రెండు చీరలో దోపుకుని వీధి దాటే వాండా, నెత్తిమీద కళ్ళజోడు పెట్టుకుని ఇల్లంతా వెతికే వాండా, పీతను సుత్తితో కొట్టి గుజ్జు పక్కవాడి మొహాన చిమ్మించే వాండా. అన్నిటికీ మించి బొమ్మ వేసే వాండా. కుంచె ఆడించి, జాలీ కన్నాల్లోకి బుగ్గలు పూరించి ఊది, వెనక్కి జరిగి తన కళకు తానే కళ్ళు తుడుచుకునేది. రేణు నేలమీద పాకుతూ హంస వేసేది, అంటే దున్నపోతు వేసేది. భీమశంకర్ స్టాన్ వేషంలో వచ్చి, "ఇవి కుక్కలా?" అనేవాడు. ముగ్గురూ కడుపు పట్టుకుని దొర్లేవాళ్ళు.

ఎదురింటి మెట్ల మీద జనం చేరడం వసుమతి గమనించకపోలేదు. మొదట వాండా, స్టాన్. తర్వాత క్లబ్బువాళ్ళు ఇద్దరో ముగ్గురో. కొన్నాళ్ళకి మడతకుర్చీలు, బీరు డబ్బాలు కూడా వచ్చాయి. అందరూ ఇటే చూస్తున్నారు.

"చూడు, పాపం! ఆ దున్నపోతుల్ని చూడ్డానికి ఎంతమంది వచ్చారో!" అంది వసుమతి మొగుడితో. వెంటనే ఆ జనాన్ని కూడా వేసి చూపించింది, నోళ్ళు తెరుచుకుని బొమ్మను మెచ్చుకుంటున్న వెర్రిమొహాల్ని. ఎదుటి మెట్ల మీద ఒకాయన నవ్వలేక కుర్చీలో ముందుకు వంగిపోయాడు. ఆయనకి ఏదో నొప్పి వచ్చిందనుకుని ఆమె జాలిపడింది. రేణు మాత్రం ప్రతి ఆట చివరా కిటికీవైపు తిరిగి వంగి దణ్ణం పెట్టేది. పిల్లకి వేషాల పిచ్చి ముదిరిందనుకున్నారు.

ఒక ఆదివారం బావగారింటి విందునుంచి తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. ఇంటి ముందు చోటు లేక కారు వీధి చివర పెట్టారు. భీమశంకర్, రేణు ముందు వెళ్ళిపోయారు. శశికళ ఇచ్చిన మిగిలిన కూరల గిన్నె పట్టుకుని వసుమతి వెనక నడిచి వచ్చింది.

తన ఇంటి ముందుకు వచ్చి తలెత్తింది. కిటికీలో హంసలు లేవు. కుటీరం లేదు, కొలను లేదు. లోపల దీపం కింద భీమశంకర్ పాంటు విప్పి లుంగీ చుట్టుకుంటున్నాడు. లుంగీ అంచు పళ్ళతో పట్టుకుని, తీరిగ్గా నడుం గోక్కుంటున్నాడు. ఆ లుంగీ గళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు. పొద్దు వాలి లోపల దీపం వెలిగితే బొమ్మ మాయమవుతుంది, కర్టెన్ వేసుకోమని ఆ రోజు వాండా చెప్పింది ఇదన్నమాట.

వసుమతికి ప్రాణం పోయినంత పనైంది. చేతిలో గిన్నె జారి, దొండకాయ కూర కాలిబాట మీద పరుచుకుంది. చప్పుడుకి అక్కడ తలతిప్పినవాడు లేడు. ఆమే తిరిగి ఎదుటి మెట్లవైపు చూసింది. హాలు నిండింది. క్లబ్బులో బారు చూసుకునే ముసలి ఆర్నీ బీరు డబ్బా ఎత్తి పలకరించి, "ఇవాళ లేటయిందేం? మొదలుపెట్టు" అన్నాడు.

ముందు వరస కుర్చీలో వాండా కూర్చుని ఉంది. ఇద్దరి కళ్ళూ కలిశాయి. వాండా లేచి, కుర్చీ మడిచి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

"అందరికీ కనిపిస్తామని నాకు తెలుసు," అంది రేణు, లోపలికి వచ్చిన అమ్మ పడుతున్న అవస్థ అర్థం కాక. "నేను రోజూ దణ్ణం పెడతాగా!"

కర్టెన్లు మళ్ళీ కిటికీ ఎక్కాయి. ఎదురింటి కిటికీకి కూడా తెర పడింది. ఆ వారం వాండా బట్టలుతుక్కునే షాపుకి రాలేదు, క్లబ్బుకీ రాలేదు. వసుమతి పొద్దున్నే లేచి కర్టెన్ పక్కకి తీసి చూడటం, మూసేయడం, అదే పని. తను ఆడిన ఆట ఒక్కొక్కటీ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయేది. ఆ దిండ్లు, ఆ కుంచె, ఆ బుగ్గలు. మాట నేర్పిన మనిషి మీద, నేర్పిన మాటలతోనే ఆడింది. చేతులు మళ్ళీ ఒళ్ళోకి వచ్చి కూర్చున్నాయి.

"వెళ్ళి క్షమించమని అడుగు," అన్నాడు భీమశంకర్ టబ్బు అంచు మీద కూర్చుని.

"క్షమించకపోతే?"

లైటు ఆరి వెలిగింది. రేణుకి అర్జెంటు.

శనివారం పొద్దున ఆ వీధి ఆడవాళ్ళంతా ఇంటి ముందు పాలరాతి మెట్లు బ్రష్షుతో రుద్దుతారు. వాండా కూడా మోకాళ్ళ మీద కూర్చుని రుద్దుతోంది. వసుమతి పులిహోర కలిపి, పెద్ద గిన్నె రెండు చేతులతో పట్టుకుని బయల్దేరింది. సగం దూరం వెళ్ళేసరికి వాండా చూసింది. బ్రష్షు బకెట్లో పారేసి, తడి చేతులు గౌనుకి తుడుచుకుంటూ ఎదురొచ్చింది. ఇద్దరూ నడివీధిలో ఆగారు.

చెప్పవలసింది చాలా ఉంది. కానీ వసుమతి రెండు చేతులకీ గిన్నె అడ్డం. దాన్ని ఎక్కడ పెట్టాలా అని అటూ ఇటూ చూసింది.

"కింద పెట్టు," అంది వాండా. "చేతుల నిండా అన్నం పెట్టుకుని ఏం మాట్లాడతావు?"

వసుమతి గిన్నె రోడ్డు మీద పెట్టింది. మోచేతులు దగ్గరికి లాక్కుంది. "సారీ. నాదే తప్పు. నీ బొమ్మలు నిజంగా చాలా..."

"ఆపు." వాండా ఆ వేళ్ళని తన వేళ్ళతో పట్టేసుకుని, తర్వాత వదిలింది. "అవి దున్నపోతులే. నాకు కళ్ళు లేవా? నా నడకా అదే, మా అమ్మ నడకా అదే. నువ్వు నన్ను వేస్తుంటే నవ్వలేక కుర్చీలోంచి పడ్డాను. కావాలంటే ఆర్నీని అడుగు."

"మరెందుకు తలుపు వేసుకున్నావు?"

"నన్ను చూసి భయపడ్డావు కాబట్టి! నేనేమన్నా పోలీసునా?" వాండా చేతులు గాలిని కోస్తున్నాయి. "ఏడేళ్ళు నేర్పాను. ఏడేళ్ళూ నా ముందు అవును, బావుంది, థాంక్యూ. పాపం దీనికి ఇంతే వస్తుందనుకున్నాను. జాలిపడి, మొదటి పాఠాలే మళ్ళీ మళ్ళీ చెప్పాను, పిచ్చిదాన్ని! కిటికీలోంచి చూస్తే ఏముంది? మా అమ్మ పోయాక అంత బాగా మాట్లాడిన మనిషిని నేను చూడలేదు. ఆ మాటలన్నీ మొగుడికీ, బిడ్డకీ. నాకేమో ఇది."

అని వాండా, వసుమతిని వేసింది. అంత భారీ మనిషీ పిడికెడైపోయింది. మోచేతులు ముడుచుకుంది, గడ్డం కిందికి దించింది, గడ్డం దగ్గర్నుంచి థాంక్యూ, థాంక్యూ, థాంక్యూ అని చిట్టి చిట్టిగా చేతులు కదిపింది. ఒక పిరోగీ కొరికింది. కళ్ళు నాలుగు వైపులా తిప్పి, అటు తిరిగి రుమాల్లో ఊసింది. మళ్ళీ ఇటు తిరిగి నవ్వింది, బావుంది, థాంక్యూ.

మెట్ల మీద ఆడవాళ్ళు బ్రష్షులు ఆపారు. స్టాన్ గుమ్మంలోకి వచ్చాడు. వసుమతి చెవులదాకా ఎర్రబడింది. అది సిగ్గేమో అనుకుంది ముందు. కాదు, అది ఒళ్ళుమండటం. తెనాలినుంచి మోసుకొచ్చిన కోపం మొత్తం ఒక్కసారి భుజాల్లోకి దిగింది.

"నువ్వు మాత్రం తక్కువా!" అంది. చేతులు ఎంత దూరం వెళ్ళాయంటే వాండా ఒక అడుగు వెనక్కి వేసింది. "నా ఇంట్లో నేను తుమ్మినా క్లబ్బులో చెప్తావు. మా బావగారి జుట్టు నీకెందుకు? నీ మూలాన మేం బాత్రూంలో కాపురం చేస్తున్నాం, తెలుసా? నీ పిరోగీలు తడిసిన మేజోళ్ళు! రహస్యం అన్న మాట నువ్వే నేర్పావు, ఒక్కటంటే ఒక్క రహస్యం దాచుకోనివ్వలేదు!"

వెనక ఒక బ్రెడ్డు వ్యాను వచ్చి ఆగింది. డ్రైవరు హారన్ మీద అరచెయ్యి పెట్టి నొక్కుతున్నాడు. వీధి చివర చెవులున్న ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. వసుమతికి అదేమీ తెలియదు. ఆమె కళ్ళనుంచి నీళ్ళు కారిపోతున్నాయి, చేతులు ఖాళీ లేక తుడుచుకోవడం లేదు.

"మా అమ్మ నా చేతులు ఒళ్ళో పెట్టించింది. నువ్వొక్కదానివే తీశావు. నీకు కోపం వస్తే మళ్ళీ అక్కడికే పోతాననుకున్నాను. నువ్వు వెళ్ళిపోతావని భయం. అందుకే థాంక్యూ. ఎప్పుడూ థాంక్యూ. నాకు నువ్వంటే..." అంటూ ఆగింది. ఏడుపు చేతులకి అడ్డం వచ్చింది.

డ్రైవరు కిటికీలోంచి సగం బయటికి వచ్చి పిడికిలి ఊపుతున్నాడు. అతను వాండాకి కనిపిస్తూనే ఉన్నాడు. ఆమె వసుమతి చేతుల మీంచి కళ్ళు తియ్యకుండానే అతనివైపు ఒక అరచెయ్యి ఎత్తి ఆపింది. రెండో చేత్తో, "చెప్పు, చూస్తున్నాను," అంది.

ఆ అరచెయ్యి దిగే సూచనేమీ లేదు. డ్రైవరు కాసేపు చూసి, ఇంజను ఆపేశాడు.